నువ్వు ఊపిరి పీల్చగానే

సంగీత కళాశాల, మూడో అంతస్తు. ఒక పియానో, రెండు కుర్చీలు పట్టేంత ప్రాక్టీసు గది. మధ్యాహ్నం. లోపల పియానో వాయించే అమ్మాయి ఒక్కతే ఉంది. పాట పాడే అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది.

“ఆపేశావేం?”

“మొదలుపెడితే కదా అక్కా, ఆపడానికి.”

“అదే అడుగుతున్నా. ఇందాకట్నుంచి బయట నిల్చునే ఉన్నా. తలుపు అద్దంలోంచి చూస్తే చేతులు పియానో మీదే ఉన్నాయి. చెవి ఆనించి విన్నా చప్పుడు లేదు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఏం చేస్తున్నావ్?”

“ప్రాక్టీసు.”

“ఇదేం ప్రాక్టీసే?”

“పక్కగదిలో బాకా ఆయన ఊదుతున్నాడుగా. ఆయనది అవనీ అని.”

“ఆయనది ఎప్పటికవుతుంది? పొద్దున నేనొచ్చినప్పుడూ అదే ముక్క, ఇప్పుడూ అదే ముక్క. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. జరుగు, ఆ కుర్చీ ఇటు లాగు. అబ్బ, ఈ గదికి కిటికీ కూడా తెరుచుకోదా? ఎలా కూర్చుంటావే ఇందులో?”

“అలవాటైపోయింది.”

“తిన్నావా?”

“తిన్నా.”

“ఏం తిన్నావ్?”

“తిన్నాలే అక్కా.”

“ఏం తిన్నావని అడిగితే తిన్నాలే అంటావేంటి? ఇదిగో, కింద మిషన్లో కాఫీ తెచ్చా. నీకొకటి, నాకొకటి. బిస్కెట్లు కూడా. ముందు తిను.”

“నాకోసం తెచ్చావా?”

“మరి బాకా ఆయన కోసమా?”

“అది కాదు. ఊరికే వచ్చావా?”

“ఊరికే రాకూడదా?”

“రావచ్చు. ఎప్పుడూ రాలేదుగా, అందుకని. రిహార్సల్ ఉంటేనే...”

“మొదలెట్టింది. నాకెంత పనుందో తెలుసా? అయినా వచ్చానా, లేదా? తాగు, చల్లారిపోతుంది.”

“తాగుతున్నా. బావుంది.”

“మిషన్ కాఫీ బావుండటమేంటే, నీ మొహం. వారం నుంచి కనపడవేం? క్యాంటీన్లో లేవు, పెద్ద హాల్లో లేవు. అసలెవరితోనైనా మాట్లాడుతున్నావా?”

“మాట్లాడాగా.”

“ఎవరితో?”

“నిన్న లైబ్రరీలో ఒకాయన ‘ఈ కుర్చీ ఖాళీయేనా’ అన్నాడు.”

“ఏమన్నావ్?”

“ఖాళీయే అన్నా.”

“తర్వాత?”

“కుర్చీ పట్టుకెళ్ళిపోయాడు.”

“నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు నీతో. నోట్లో నాలుక లేకపోతే ఎలాగే?”

“ఉంది. వాడే పని పడట్లేదు.”

“అబ్బో! చూడు చిట్టీ, ఒకటి అడుగుతా. దాచకుండా చెప్పాలి. పోయిన నెల ఏమైంది?”

“ఎప్పుడు?”

“ఎప్పుడేంటి, పరీక్షలో. ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తున్నారు. కళ్ళు తిరిగి పడిపోయావని ఒకళ్ళు, అంతా మర్చిపోయావని ఒకళ్ళు. ఆ వయొలిన్ పిల్లయితే నువ్వు అసలు పరీక్షకే రాలేదంది.”

“వచ్చా. కూర్చున్నా. పడిపోలేదు.”

“మర్చిపోయావా?”

“లేదు. నిద్రలో లేపి అడిగినా వాయిస్తా.”

“మరి?”

“మొదలుపెట్టలేదు.”

“పెట్టకపోవడమేంటి?”

“పెట్టలేదంతే. ఇంకో బిస్కెట్టు ఇవ్వు.”

“మాట దాటెయ్యకు. తిన్నగా చెప్పు.”

“ఏం చెప్పను? నవ్వుతావ్.”

“నవ్వను. ఒట్టు.”

“లోపలికి వెళ్ళా. ముగ్గురు కూర్చున్నారు, మన మాస్టారు మధ్యలో. కుర్చీ సరిచేసుకున్నా. చేతులు పెట్టా. ‘నీ ఇష్టం అమ్మా, ఎప్పుడంటే అప్పుడు’ అన్నారు మాస్టారు. సరేనన్నా. చూస్తున్నా.”

“ఏం చూస్తున్నావ్?”

“ఎవరైనా ఊపిరి పీలుస్తారేమోనని.”

“ఏంటీ?”

“నవ్వనన్నావ్.”

“నవ్వట్లేదే. అర్థం కాలేదు.”

“నువ్వు పాట ఎత్తుకునే ముందు ఏం చేస్తావక్కా?”

“ఏం చేస్తా? పాడతా.”

“కాదు, దానికి ముందు. నీ గడ్డం కొంచెం పైకి లేస్తుంది. భుజాలు లేస్తాయి. ఊపిరి పీలుస్తావు. అది సగానికి వచ్చేసరికి నా చేతులు దిగుతాయి. నేను దిగమని చెప్పను, అవే దిగుతాయి. ఆ ఫ్లూట్ అతను కనుబొమలు ఎగరేస్తాడు. వయొలిన్ పిల్ల ముక్కుతో గట్టిగా పీలుస్తుంది, జలుబు చేసినట్టు. ఎవరిది ఎలాగో వాళ్ళ వైపు చూడకపోయినా చెప్పేస్తా. నా పీజీయే అది కదా, పాడేవాళ్ళ పక్కన కూర్చుని వాయించడం. నేనెప్పుడూ మొదలుపెట్టలేదక్కా. మీరు మొదలుపెడితే వచ్చి కలిశా.”

“అంటే అక్కడ కూర్చుని...”

“కూర్చునే ఉన్నా. ఎవరూ పీల్చట్లేదు. ఒకాయన పెన్ను మూత తీసి పెడతాడు, మళ్ళీ తీసి పెడతాడు. పక్కనున్నావిడ దగ్గింది. ఆ దగ్గుకి కొంచెంలో మొదలుపెట్టేసేదాన్నే.”

“హహ... సారీ. సారీనే.”

“ఒట్టు పెట్టావ్.”

“దగ్గంటే ఎవరికైనా నవ్వొస్తుంది! తర్వాత?”

“మాస్టారు వాచీ చూసుకున్నారు. ‘ఇంక చాలమ్మా, వెళ్ళు’ అన్నారు. ఆ మాట అనడానికి ఊపిరి పీల్చారక్కా. చేతులు దిగాయి. ఒక్క స్వరం మోగింది. అప్పటికే ఆయన లేచి నిల్చున్నారు.”

“అయ్యో పిచ్చిదానా.”

“పిచ్చేనేమో.”

“ఇంట్లో చెప్పావా? అమ్మకి?”

“బాగా అయిందని చెప్పా.”

“ఏమంది?”

“‘ఎవరు పాడారు?’ అంది.”

“అదేంటి? నువ్వొక్కదానివే వాయించే పరీక్షని తెలీదా ఆవిడకి?”

“చెప్పా. చెప్పినా ఆవిడకి అదే నోటికొస్తుంది. అమ్మ ఇంట్లో పిల్లలకి పాటలు చెప్పేది కదా. నా కాళ్ళు నేలకి అందనప్పట్నుంచి కీబోర్డు దగ్గర నేనే. అమ్మ తలూపితే మొదలుపెట్టాలి, చెయ్యెత్తితే ఆపాలి. వచ్చినవాళ్ళంతా పిల్లలు బాగా పాడారనేవాళ్ళు. అమ్మ వాళ్ళ తలలు నిమిరేది. నేను అక్కడున్నానంటే పాడేవాళ్ళు ఎవరో ఒకళ్ళు ఉన్నట్టు. ఆవిడ తప్పేం లేదు.”

“తప్పు లేదంటూ మొహం అలా పెడతావేం? సరే, జరిగిందేదో జరిగింది. ఇంకోసారి పెడతారుగా.”

“పెడుతున్నారు. ఇదే ఆఖరు. ఇది కూడా పోతే పీజీ లేదు. హాస్టల్ గది ఖాళీ చెయ్యాలి.”

“అందుకని ఇలా చేతులు పెట్టుకుని కూర్చున్నావా?”

“మొదలుపెట్టడం ప్రాక్టీసు చేస్తున్నా.”

“వస్తోందా?”

“ఇంతవరకూ రాలేదు.”

“నీ ఊపిరి నువ్వే పీల్చుకోరాదూ? ముక్కు లేదా నీకు?”

“పీల్చి చూశా. చేతులు నమ్మట్లేదు.”

“చేతులు నమ్మకపోవడమేంటే!”

“నవ్వొద్దన్నానా.”

“పోనీ, నేను ఊపిరి పీల్చి ఫోన్లో రికార్డు చేసిస్తా. జేబులో పెట్టుకో.”

“అదీ చేశా. మన పాత రిహార్సల్ ఫోన్లో ఉంది. మొదట్లో నువ్వు పీల్చింది వినపడుతుంది. అది పెట్టుకుంటే మొదలవుతోంది. కానీ పరీక్ష గదిలోకి ఫోను తేనివ్వరుగా.”

“ఓసి నీ... నిజంగానే చేశావా? ఒక్కదానివే కూర్చుని నా ఊపిరి విన్నావా?”

“వేరేవాళ్ళది లేదు నా దగ్గర.”

“సరే, లే. లే కాదు, కూర్చో. చేతులు పెట్టు. నీ పరీక్ష ముక్కే. ఇటు, నా వైపు చూడు. పీలుస్తున్నా. చూస్తున్నావా? ఇదిగో...”

“అక్కా, వచ్చింది!”

“మాట్లాడకు, వాయించు! ఆగకు... ఆగకు... అమ్మో. అమ్మో చిట్టీ! ఇంత బాగా వాయిస్తావా నువ్వు?”

“నువ్వెప్పుడూ వినలేదా?”

“వింటూనే ఉంటాగా.”

“నువ్వు పాడుతుంటే ఎలా వింటావక్కా?”

“అదీ నిజమే. చూశావా మరి, చిటికెలో పని. నేను పీల్చగానే పరుగెత్తింది. దీనికింత రాద్ధాంతమా?”

“పరీక్షలో నువ్వుండవుగా.”

“ఎందుకుండను? వస్తా. ముందు వరసలో కూర్చుంటా. బయటివాళ్ళని రానిస్తారుగా?”

“రానిస్తారు. ఎవరూ రారంతే.”

“నేనొస్తా. గుడ్లగూబలా కళ్ళు పెట్టుకు కూర్చుని గట్టిగా పీలుస్తా, ఆ వయొలిన్ పిల్లలాగా. సరేనా?”

“నిజంగా వస్తావా?”

“వస్తానంటుంటే!”

“అక్కా...”

“ఏడవకే. కాఫీలో పడతాయి.”

“ఏడవట్లేదు. నాకోసమని ఎవరూ ఎక్కడికీ రాలేదక్కా, అంతే. కచేరీ అయ్యాక నువ్వు చెయ్యి చాపి నన్ను చూపిస్తావు చూడు, అప్పుడు లేచి తల వంచుతా. లేవడం కూడా ఎవరో చెయ్యి చూపిస్తేనే. ఆ తర్వాత మీరంతా క్యాంటీన్‌కి పోతారు. నేను పియానో మూత వేసి, లైట్లన్నీ ఆర్పి వస్తా. వచ్చేసరికి కుర్చీలు నిండిపోయి ఉంటాయి.”

“నీకు అలాంటివి నచ్చవేమో, అందుకే ఆలస్యంగా వస్తావనుకునేదాన్ని.”

“గుమ్మం దగ్గర కాసేపు నిల్చుంటా. మీరు నవ్వుకుంటూ ఉంటారు. వెళ్ళిపోతా.”

“పిలవచ్చుగా!”

“పిలవచ్చు.”

“సరేలే, ఇప్పుడొచ్చానుగా నేను. ఊఁ... చిట్టీ, నీతో చిన్న పని.”

“పనా?”

“పనంటే పని కాదు. సాయం. ఊళ్ళో కచేరీ హాలు వాళ్ళ గాయక బృందం ఉంది చూడు, వాళ్ళు మళ్ళీ పిలిచారు నన్ను. పాడి వినిపించాలి. కుదిరితే ఉద్యోగం.”

“మంచి మాటేగా!”

“మంచి మాటే. పోయినసారేమైందో తెలుసుగా? వాళ్ళ పియానో ఆయన, తల నెరిసిన మనిషి, నన్ను నడిమధ్యలో వదిలేసి తన దారిన తాను పోయాడు. నేను రెండో చరణం ఎత్తుకునేసరికి ఆయనెక్కడో ఉన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటోంది అనుకోకు. నీతో ఎప్పుడైనా అలా అయిందా? చెప్పు, ఒక్కసారైనా?”

“వినేవాళ్ళకి తెలిసేట్టయితే లేదు.”

“చూశావా! అందుకే ఈసారి నా మనిషిని నేనే తెచ్చుకుంటానన్నా. మా ఆయన సంగతి తెలుసుగా. వేరే ఊళ్ళో పని చూసుకుని కూర్చున్నాడు. ఈసారీ ఉద్యోగం రాకపోతే సామాను సర్దుకుని అక్కడికి వచ్చెయ్యమన్నాడు. ఇంక పాటా లేదు, గీటా లేదు.”

“అక్కా, ఒకటి చెప్పనా? కోప్పడకూడదు.”

“చెప్పు.”

“నీ పాట నాతో కూడా తప్పుతుంది. ప్రతిసారీ.”

“ఏంటి తప్పేది?”

“రెండో చరణం ముందు నేనొక్కదాన్నే వాయించే ముక్క ఉందిగా. అక్కడ నువ్వు లెక్క తప్పుతావు. రావాల్సిన చోటికి రావు. ఆలస్యంగా అందుకుంటావు. నేను ఆ చివరి నాలుగు స్వరాల్నే తిప్పి తిప్పి వాయిస్తూ ఉంటా, నువ్వు పీల్చేదాకా. పీల్చగానే వచ్చి కలుస్తా. బయటికి తెలీదు.”

“ఎప్పట్నుంచి?”

“మొదటి రిహార్సల్ నుంచి.”

“‘ఈ అమ్మాయి పాటలో ఆ నిదానం ఉంది చూశారా, అది నేర్పితే వచ్చేది కాదు’ అన్నారే మాస్టారు! అందరి ముందూ! అదా ఇది?”

“అదే ఇది.”

“నాకెందుకు చెప్పలేదే? అప్పుడే చెప్తే దిద్దుకునేదాన్ని కదా! ఆ ముసలాయన్ని తిట్టని తిట్టు తిట్టా. ఆయన తప్పేం లేదన్నమాట. కొంప ముంచావు కదే!”

“చెప్తే దిద్దుకునేదానివి. దిద్దుకుంటే ఎవరితోనైనా పాడగలవు.”

“పాడితే?”

“ఎవరితోనైనా పాడగలిగితే నాతో ఎందుకు పాడతావక్కా? రోజులో నాకు ఎదురుచూడ్డానికి ఉన్నది నీ రిహార్సల్ ఒక్కటే. తప్పే. తప్పని తెలిసే చేశా.”

“తప్పు కాదు, ద్రోహం... సరే. సరేలే. ఇప్పుడు దిద్దుకునే టైం లేదు. ఒకందుకు ఇదీ మంచిదే, నువ్వు పక్కనుంటే చాలన్నమాట. వస్తావుగా?”

“వస్తా. రాకుండా ఎలా ఉంటా? ఎప్పుడు?”

“రేపే.”

“రేపా? రేపు ఎన్నింటికి?”

“మధ్యాహ్నం.”

“మధ్యాహ్నం ఎన్నింటికక్కా?”

“ఆ టైంకే.”

“ఏ టైంకి?”

“అదే... మూడింటికి.”

“నా పరీక్ష రేపు మూడింటికి.”

“అవునా?”

“ఇందాక వస్తానన్నావ్. ముందు వరసలో కూర్చుంటానన్నావ్.”

“రేపని నువ్వు చెప్పలేదుగా!”

“నువ్వు అడగలేదు. ఎప్పుడని నువ్వు అడగనే లేదక్కా.”

“మాటల్లో పడి మర్చిపోయా.”

“నీకు ముందే తెలుసా?”

“కింద బోర్డు మీద పెట్టారుగా. వచ్చేపోయేవాళ్ళంతా చూస్తారు.”

“తెలిసే వచ్చావా?”

“చూడు చిట్టీ, ఆవేశపడకుండా విను. వాళ్ళకి మొన్ననే చెప్పేశా, పియానోకి నువ్వే వస్తున్నావని.”

“నన్ను అడక్కుండానా?”

“నువ్వెప్పుడైనా కాదన్నావా?”

“నా పరీక్షుందని తెలిసీ?”

“తెలుసే, తెలుసు! ఏం చెయ్యమంటావ్ నన్ను? ఎలాగూ నువ్వు మొదలుపెట్టవు కదా అనుకున్నా. అక్కడ ఆ ముగ్గురి ముందూ ఊరికే చేతులు పెట్టుకు కూర్చుని, తల దించుకుని వచ్చేబదులు నాకు పనికొస్తావని. ఇద్దరం మునిగే బదులు ఒక్కళ్ళమైనా గట్టెక్కుతాం కదా అని. చెప్పు, నేనన్నదాంట్లో తప్పుందా?”

“ఈ కప్పు అటు పెట్టు.”

“అడిగినదానికి చెప్పవేం? కాఫీ కూడా అలాగే వదిలేశావు.”

“చల్లారిపోయింది.”

“తప్పుందా, లేదా?”

“లేదక్కా.”

“నా బంగారం! నువ్వు కాదనవని నాకు తెలుసు. ఈ ఉద్యోగం రానీ, మొట్టమొదట నిన్నే క్యాంటీన్‌కి తీసుకెళ్తా. నేనే నీకు కుర్చీ పట్టి ఉంచుతా, ఎవరొచ్చి అడిగినా ఇవ్వను. ఒట్టు. మాస్టారికి జ్వరమని చెప్దువుగానిలే, నమ్ముతారు. ఎలాగూ చూడ్డానికి అలాగే ఉన్నావు. మరి ఒక్కసారి పాట చూసుకుందామా?”

“చూసుకుందాం. నిల్చో.”

“ఇదిగో, నిల్చున్నా. రెండో చరణం దగ్గర నీ తిప్పుడు మర్చిపోకు.”

“బాకా ఆపేశాడు.”

“ఎవరూ? ఆఁ, అవును. హమ్మయ్య. ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడు, ఈ అంతస్తులో ఎవరూ లేనట్టు.”

“ఎవరూ లేరక్కా.”

“నేను లేనా? ఉండు, గొంతు సవరించుకోనీ. ఈ మిషన్ కాఫీ ఒకటి, గొంతంతా జిగురు. ఆఁ. ఇప్పుడు నన్ను చూడు. అటు గోడకేసి చూస్తావేం? ఇటు. నేను పీల్చినప్పుడు నువ్వు... ఏయ్, ఆగాగు! నేనింకా పీల్చలేదు! చిట్టీ! ఇది నీ పరీక్ష ముక్క, నా పాట కాదే!”

“కాదక్కా. వెళ్ళేటప్పుడు తలుపు వేసి వెళ్ళు.”